అందులో అక్క లేదు

ఆదివారం మా పాప బంతి కోసం ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టింది. పెదాలు నీలంగా మారాయి. ఎత్తుకుని వీపు నిమిరి, ముఖం మీద గాలి ఊదితే తేరుకుంది. కొందరు పిల్లలకు ఇలా అవుతుందని, ఏడుపు మొదలవగానే ఎత్తుకుని మరిపించమని డాక్టరు చెప్పాడు.

పాపను చూసుకునే సెంటర్లో ఏడ్చే పిల్లల్ని కాసేపు వదిలేస్తారు, వాళ్లే సర్దుకుంటారని. అందుకే మర్నాడు పొద్దున్నే సెంటర్ వాట్సాప్ గ్రూపులో ఆయాకు రాశాను: "అక్కా పాప ఏడిస్తే వదిలెయ్యకండి ఊపిరి ఆగిపోతుంది నీలంగా అయిపోతుంది వెంటనే ఎత్తుకోండి మర్చిపోకండి అక్కా".

దాని కింద సగం ఎర్రగీతలే. ఎనిమిదితో చదువు ఆపేసినదాన్ని. పైగా, "నీ మెసేజ్ చదవాలంటే మధ్యలో ఆగి మంచినీళ్లు తాగాలి" అని మా ఆయన ఎప్పుడూ నవ్వుతాడు. ఫోన్లో తప్పులు దిద్దిపెట్టేది ఉంటే నొక్కాను. మొత్తం ఇలా మార్చేసింది:

"పాప ఏడ్చిన సందర్భంలో తగిన శ్రద్ధ వహించగలరని మనవి."

ఒక్క గీత లేదు. చదువుకున్నవాళ్లు రాసినట్టుంది. పంపేసి, కాలర్లు కుట్టడానికి ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చి, సెంటర్ నుంచి ఫోన్ అన్నాడు. నేను వెళ్లేసరికి పాప ఆయా ఒళ్లో ఉంది. ఏడుస్తుంటే వదిలేశారట, మళ్లీ ఊపిరి బిగబట్టిందట. తేరుకుంది గానీ ఒళ్లంతా వడలిపోయింది.

"గ్రూపులో పెట్టాను కదక్కా."

ఆయా తన ఫోన్లో వెతికి చూసింది. "ఇదా? ఆఫీసువాళ్లు అందరికీ పెట్టిందనుకున్నానమ్మా. నువ్వు రాస్తే అక్కాతో మొదలెట్టి అక్కాతో ఆపుతావు. ఇందులో అక్క ఏది తల్లీ? ఏ పాప అనుకోను?"

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పాపను నా ఒళ్లోకి తీసుకున్నాను.

రాత్రి మా ఆయన, "నువ్వు రాసింది బాగానే ఉందిగా, ఎందుకు ముట్టుకున్నావు?" అన్నాడు.

"నవ్వుతావుగా."



తెల్లారి ఆయాకు నోటితోనే చెప్పాను. ఆమె మిగతా ఆయాలను కూడా పిలిచి, "మళ్లీ చెప్పమ్మా, వీళ్లూ వింటారు" అంది. మళ్లీ చెప్పాను. పాపను అందుకుని లోపలికి వెళ్లింది.

గేటు దాటానో లేదో, లోపల ఏడుపు మొదలైంది. మా పాపదే. ఫ్యాక్టరీ బస్సు వచ్చి ఆగింది. అంతలో ఏడుపూ ఆగింది. ఎత్తుకున్నారో, ఊపిరి బిగబట్టిందో గేటు ఇవతలికి తెలియదు.

బస్సును పొమ్మని చెయ్యి ఊపి, గేటు తీశాను.