కుడికన్ను చూసిన నీలం

ఎనిమిది గంటల ఎండ బెంగళూరు చిక్కపేటలోని మేడ మీది గదిలోకి నీలంగా దిగింది.

గోడ నీలం. నేల నీలం. పుష్పావతి చేతులూ నీలమే.

ఇంత నీలమా?

పుష్పావతికి అరవై రెండేళ్ళు; రంగు గాజు ముక్కలు అతికి కిటికీ అద్దాలు చేస్తుంది. వాటిలో చెట్టు బొమ్మా ఉండదు, దేవుడి బొమ్మా ఉండదు — రంగులే. వెలుగు వాటిలోంచి నడిచి రావాలి. అంతే.

నిన్ననే కుడికంటికి కట్టు విప్పారు. శుక్లం తీసేశారు. ఇన్నేళ్ళూ ఆ పొర లోకాన్నంతా టీ డికాషన్‌లో ముంచి చూపించింది. ఈ అద్దానికి నీలం చాలలేదనుకుంది... ఇంకో ముక్క. ఇంకో ముక్క. నాలుగు నెలలు.

రేపు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు మెట్ల పక్కన ఈ అద్దాన్ని బిగించాలి.

ఆమెకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా తనకు గాజు కోసిపెట్టే అంజినప్ప మీద విరుచుకుపడింది.

"ఇంత నీలం పెడతా ఉంటే ఒక్క మాట చెప్పకూడదా అప్పా?"

"నీలం యాడుండాదమ్మా? సరిగ్గానే ఉండాది కదా!"

ఆమె రెండు గాజు ముక్కలు కిటికీకి ఎత్తి పట్టింది. ఒకటి లేత నీలం, ఒకటి బూడిద రంగు.

"నీలమేది?"

అంజినప్ప చూశాడు. తల వంచి మళ్ళీ చూశాడు.

"రెండూ బూడిదే."

పుష్పావతి కుడికన్ను మూసింది. ఎడమకంటికి ఇంకా పొర ఉంది.

రెండూ బూడిదే.

కోపం చప్పున చల్లారింది. నవ్వొచ్చింది. దొందూ దొందే! రోజూ ఒకరినొకరు అడిగి, బాగుందంటే బాగుందనుకున్నారు.

ఆఫీసువాళ్ళకు ఫోన్ చేసింది. "రేపు కాదు సార్. నెల పడుతుంది." అవతల ఏదో గొణుగుడు... ఆమె దిగిరాలేదు.

"నీలం తీసేస్తావామ్మా?"

"ముందు నీ కండ్లకు ఆపరేషన్. ఆమేలె అద్దం సంగతి."

"నాకెందుకమ్మా? కోసేదానికి చెయ్యి చాలు."

"కోసేదానికి చాలు. చూసేదానికి?"

పుష్పావతి చేతిలోని నీలం ముక్క వంక చూసింది. తను కోసిన రంగుల్ని ఈ మనిషి ఎన్నేళ్ళుగా చూడలేదో!

"చూసినాక నాకు నచ్చకపోతే?"

"చెప్పు. ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కసారన్నా బాగలేదని చెప్పప్పా. అప్పుడు మారుస్తా."

అంజినప్ప అద్దానికి దగ్గరగా జరిగాడు. కళ్ళు చికిలించి, వేలితో ఒక్కో అంచే తడిమాడు.

అతని తెల్ల చొక్కా మీద, నెరిసిన గడ్డం మీద, ముఖం నిండా నీలం —

అతనికి తెలియదు.