చివరి రోజు వరకూ

పుట్టబోయే పాప కోసం పసుపు రంగు వేయించిన గదిని రోజువారీ అద్దెకిస్తున్నాను. యాప్‌లో చివరి ప్రశ్న మిగిలింది: అతిథులు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారా?

“ఇవ్వనని నొక్కవే. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు,” అంది అక్క.

“పాపం, రాలేకపోతే?”

“ముందే చెప్పాలి. ఆఖరి నిమిషంలో చెబితే గది ఖాళీయేగా!”

ఖాళీయే. పాప ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక, ముందే డబ్బు కట్టిన ఉయ్యాల వద్దని దుకాణానికి నేనే ఫోన్ చేశాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. దుకాణం అతను అడగలేదు. “సరేనమ్మా, డబ్బంతా పంపిస్తాను,” అన్నాడు. ఫోన్ పెట్టేశాకే నాకు ఏడుపు వచ్చింది.

చివరి రోజు వరకూ పూర్తి వాపసు అని నొక్కాను. కారణం చెప్పాలన్న నిబంధన తీసేశాను.

“పిచ్చిదానా,” అనబోయిన అక్క పసుపు గోడను చూసి ఆగిపోయింది.