అద్దానికి అటువైపు

రెండు నెలల్లో మూడు రహస్యాలు ఆఫీసు గది దాటి బయటికి పొక్కాయి. మూడోది పొక్కిన మర్నాడు, బుధవారం పొద్దున, నలభై మంది తల్లిదండ్రులు స్కూలు గేటు ముందు నిలబడ్డారు. వాళ్లను పంపించేసరికి పదిన్నరయింది. పదీ నలభైకి పెద్దమేడం పదో తరగతి నుంచి ఒక అమ్మాయిని పిలిపించింది.

ఆ అమ్మాయిని టీచర్లతో సహా అందరూ ఎడిటర్ అనే పిలుస్తారు. ప్రతి సోమవారం మూడో గంట కొట్టగానే కారిడార్ చివర వెలువడే గోడపత్రిక ఆమె చేతిలోదే. పత్రిక పేరు కూడా 'మూడో గంట'. తొమ్మిదేళ్ల కిందట వాళ్ల అక్క మొదలుపెట్టింది. అక్కడి గోడకు చెమ్మ ఎక్కువ, జిగురు నిలవదు. అందుకని అక్క అదే గోడకున్న పాత కిటికీని వాడుకుంది. దానికున్న జంట అద్దాల మధ్య ఆరు కాయితాలు దూర్చి, అదే పత్రిక అంది. అప్పట్నుంచి బడి ఉన్న సోమవారం ఒక్కటీ తప్పలేదు.

"కూర్చో," అంది పెద్దమేడం.

ఎడిటర్ కుర్చీ అంచున కూర్చుంది. ఆ గదిలో పిల్లల్ని కూర్చోమనడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎనిమిదో తరగతి రెండు సెక్షన్లూ కలిపేస్తున్నామని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడం. నిన్న అందరూ అనుకుంటుంటే విన్నాను."

"అందరూ ఎలా అనుకుంటారమ్మా? ఆ ఉత్తరం ఈ బల్ల దాటలేదు. కలుపుదామని ఒకరోజు అనుకున్నాను, మర్నాడే మానుకున్నాను. మానుకున్న సంగతి ఎవరికీ తెలియలేదు. అనుకున్న సంగతి మాత్రం ఊరంతటికీ తెలిసింది."

తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఆయన ఈ స్కూలుకు వచ్చి రెండున్నర నెలలయింది. "ఆఫీసులోకి వచ్చే పిల్ల ఈ అమ్మాయి ఒక్కతే మేడం. ప్రతి గురువారం వస్తుంది."

"పత్రికకు కాయితాల కోసం వస్తాను సార్. మీరేగా ఇస్తారు."

"ఇస్తాను. ఇచ్చేలోపు నీ కళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో నాకేం తెలుసు?"

పెద్దమేడం చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. "నువ్వు దొంగవని నేననడం లేదు. కానీ ఈ స్కూల్లో వార్తలు సేకరించేది నువ్వు. ఈ వార్త ఎలా బయటికి వెళ్లిందో కూడా నువ్వే సేకరించుకురా. శుక్రవారం నాలుగింటిదాకా టైం ఇస్తున్నాను. తేలకపోతే సోమవారం మూడో గంట కొడుతుంది గానీ, పత్రిక ఉండదు."

*

మెట్ల కింద ఒక బల్ల, రెండు స్టూళ్లు. అదే పత్రిక కార్యాలయం. అక్కడ భూతద్దం కూర్చుని ఉంది. ఆమె సబ్ ఎడిటర్. కళ్లద్దాల మందం వల్ల కొంత, కామా పోయినా పట్టుకునే గుణం వల్ల కొంత ఆ పేరొచ్చింది.

"ఉరిశిక్షా, యావజ్జీవమా?" అంది.

"శుక్రవారం దాకా వాయిదా." ఎడిటర్ స్టూలు లాక్కుని జరిగినదంతా చెప్పింది. "మూడూ వరసగా రాయవే. ఏమేం బయటికొచ్చాయో, చివరికి ఏం జరిగిందో."

భూతద్దం రాసింది. ఆటల పోటీలు పద్నాలుగో తేదీన అని బయటికొచ్చింది, జరిగింది ఇరవై ఒకటిన. లెక్కల సారు రెండు నెలలు సెలవు అని బయటికొచ్చింది, ఆయన తీసుకున్నది రెండు వారాలు. సెక్షన్లు కలిపేస్తారని బయటికొచ్చింది, కలపడం లేదు.

"వీడెవడో చేతకాని దొంగలా ఉన్నాడే," అంది భూతద్దం. "ఒక్కటీ సరిగ్గా దొంగిలించలేదు."

ఎడిటర్ ఆ కాయితాన్ని తనవైపు తిప్పుకుంది. "సరిగ్గానే దొంగిలించాడు. తేదీ ముందు పద్నాలుగే అనుకున్నారు, తర్వాత మార్చారు. సెక్షన్ల సంగతీ అంతే. వాడికి దొరుకుతున్నది మార్చకముందు ఉత్తరం. చివరిది ఎప్పుడూ దొరకడం లేదు."

"చిత్తుప్రతి దొరికి అసలుది దొరక్కపోవడమేంటి? బీరువాలో నగలు వదిలేసి చీపురు ఎత్తుకెళ్లినట్టుంది."

"అదే నాకూ అర్థం కావట్లేదు. పద, చీపురు ఎవరింట్లో తేలిందో చూద్దాం."

గురువారమంతా ఇద్దరూ ఒకే ప్రశ్నతో తిరిగారు. నీకెవరు చెప్పారు? ఎనిమిదో తరగతి పిల్ల తన పెద్దమ్మ కూతురి పేరు చెప్పింది. ఆ పిల్ల సైకిల్ స్టాండు దగ్గర విన్నానంది. సైకిల్ స్టాండు వాళ్లు డ్రిల్లు మాస్టారి మీదికి తోశారు.

"నాకా?" డ్రిల్లు మాస్టారు విజిల్ నోట్లోంచి తీశాడు. "టీ తాగుతుంటే తెలిసింది."

లెక్కల సారు సెలవు గురించి అడుగుతూ వెళ్లిన దారి కూడా అక్కడే ఆగింది. ఆటల పోటీల తేదీ దారీ అంతే. మూడు దారులూ టీ గ్లాసు దగ్గరే ఆగాయి.

*

శుక్రవారం మూడుంబావుకి ఇద్దరూ బిల్డింగు వెనక్కి వెళ్లారు. గోడకు ఆనించి వేసిన రేకుల పంచ, రెండు పొయ్యిలు, బన్నుల ట్రే, బోర్లించిన గ్లాసులు. పన్నెండేళ్లుగా ఆ క్యాంటీన్ నడుపుతున్న ఆవిడను స్కూలంతా పిన్ని అనే అంటుంది. పెద్దమేడం కూడా.

"పిన్నీ, సెక్షన్లు కలుపుతారని నీకెవరు చెప్పారు?"

పిన్ని గ్లాసు కడగడం ఆపలేదు. "నువ్వే."

"నేనా?"

"నువ్వేగా తల్లీ రాసింది. మీ పత్రికలో చూశాను."

"మా పత్రికలో అలాంటిది రాయలేదు పిన్నీ. ఈ వారం వ్యాసరచన పోటీ గురించి రాశాం, పోయిన నీళ్ల సీసా గురించి రాశాం."

"అవి పిల్లల పేజీలయి ఉంటాయిలే. నేను చదివేది పెద్దవాళ్ల పేజీ."

ఎడిటర్, భూతద్దం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిన్ని చేతులు తుడుచుకుని, పంచ దాటి, గోడ వెంట పదడుగులు నడిచింది. అక్కడ ఒక కిటికీ ఉంది. అద్దం నిండా ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము. సరిగ్గా పిన్ని మొహం ఎత్తులో మాత్రం తడిగుడ్డతో తుడిచిన చోటు తళతళలాడుతోంది. దాని వెనక ఆరు కాయితాలున్నాయి. అచ్చు కాయితాలు. వాటి మీద అడ్డంగా, నిలువుగా ఎర్ర సిరా గీతలు.

అవి 'మూడో గంట' కాయితాలే. వాటి వీపులు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఎడిటర్‌కు ఆ క్షణంలో తెలిసింది. ఒకవైపు అచ్చయి పనికిరాకుండా పోయిన కాయితాలు ఆఫీసులో ఒక అట్టపెట్టెలో వేస్తారు. తెల్లగా ఉన్న రెండోవైపు పత్రిక రాసుకుంటారు. అక్క కాలం నుంచీ అంతే. అప్పట్లో వెనక ఉండేవి పాత ప్రశ్నపత్రాలు, పాత టైంటేబుళ్లు. వాటిని చూసి చూసి కళ్లకు అలవాటైపోయి, వెనక ఏముందో ఎవరూ చూడడం మానేశారు. పాత గుమాస్తా పెద్దమేడం దిద్దిన ఉత్తరాలను చింపి పారేసేవాడు. కొత్తాయన పొదుపరి. వాటినీ పెట్టెలో వేశాడు.

గురువారం గురువారం ఆ పెట్టె నుంచి రహస్యాలను మోసుకొచ్చి అద్దంలో పెట్టింది తనే.

"కామాలు పట్టుకుంటానే నేను," అంది భూతద్దం నీరసంగా. "ఆరు పేజీలు అవతలున్నాయని పట్టుకోలేకపోయాను."

"ఎప్పట్నుంచో మీకో మాట చెప్పాలనుకుంటున్నా," అంది పిన్ని. "లోపల కారిడార్ చివరిదాకా నాకెప్పుడూ పని పడదు, అటువైపు ఎలా రాస్తారో తెలియదు. ఇటువైపు అచ్చు మాత్రం ముచ్చటగా ఉంటుంది. కాకపోతే ముఖ్యమైన మాటల మీద గీత పెట్టాలంటే కింద పెట్టాలి గానీ, మాట మీదే గీస్తే ఎలాగమ్మా? చదవలేక చస్తున్నా."

"ముఖ్యమైన మాటలా?"

"మరి? ఎంత ముఖ్యమైతే అన్ని ఎర్ర గీతలు. సెక్షన్ల సంగతి మీద ఎన్నున్నాయో. అందుకే కదా అందరికీ చెప్పాను."

భూతద్దం నవ్వాపుకోలేక పక్కకు తిరిగింది. ఎడిటర్ నవ్వలేదు. ఆమె ఐదో కాయితం చదువుతోంది.

*వచ్చే ఏడాది నుంచి క్యాంటీన్ నిర్వహణను బయటి సంస్థకు అప్పగించదలచాం. ప్రస్తుతం నడుపుతున్నవారికి వేసవి సెలవుల్లో తెలియజేయాలి.*

"ఓ, అదా," అంది పిన్ని. "సోమవారమే చూశాను. దాని మీద ఒక్క గీతా లేదుగా. అంత ముఖ్యం కాదేమోలే అనుకున్నా." ఆమె చేతిలో గుడ్డ, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడుస్తోంది. "అంతేనా తల్లీ?"

గీత లేదంటే దిద్దలేదని. దిద్దలేదంటే అదే చివరి ఉత్తరమని. కింద అంచు వంకరగా అచ్చయినందుకు ఆ ప్రతిని పెట్టెలో పడేసి ఉంటారు, మంచి ప్రతి పెద్దమేడం సొరుగులో ఉంటుంది.

"కనుక్కుంటాను పిన్నీ," అంది ఎడిటర్.

*

నాలుగింటికి పది నిమిషాలు. ఎడిటర్ అద్దాల మధ్య నుంచి ఆరు కాయితాలూ లాగేసింది.

"పిన్ని చదివిందని చెప్పేద్దామే," అంది భూతద్దం. "ఆవిడ తప్పేముంది అందులో?"

"చెబితే ఆ ఉత్తరానికి కారణం కూడా దొరుకుతుంది. గుట్టు బయటపెట్టింది, అందుకే తీసేశాం అంటారు."

"చెప్పకపోతే పత్రిక పోతుంది. మీ అక్కకు ఏం చెబుతావ్?"

ఎడిటర్ పెద్దమేడం గదిలోకి వెళ్లింది. కాయితాలను బల్ల మీద బోర్లా పరిచింది.

"దొంగను నేనే మేడం. తెలియకుండా చేశాను, కానీ చేసింది నేనే." పెట్టె గురించి, కిటికీ గురించి నాలుగు ముక్కల్లో చెప్పింది.

పెద్దమేడం తన ఎర్ర గీతల్ని తనే చూసుకుంది. తర్వాత తలెత్తి గుమాస్తాను చూసింది.

"కాయితం వృథా చేయకూడదని..." అన్నాడాయన.

"అటువైపు నుంచి చదివిందెవరు?"

"పాఠకుల పేరు ఎడిటర్ చెప్పకూడదు మేడం."

"అని ఎవరన్నారు?"

"మా అక్క."

పెద్దమేడం పెదవి కొంచెం వంగింది. అది నవ్వో కోపమో తేలేలోపే ఆమె చెయ్యి ఐదో కాయితం మీద పడింది. చదివింది.

ఆ కిటికీ అవతల ఎవరుంటారో స్కూల్లో తెలియనివాళ్లు లేరు. బల్ల మీద సగం తాగిన టీ గ్లాసు ఉంది. మూడున్నరకు వచ్చిన టీ.

"ఇది ఎప్పట్నుంచి ఉంది అద్దంలో?"

"సోమవారం నుంచి."

"సోమవారం." పెద్దమేడం గ్లాసు వైపు చూసింది. "ఐదు రోజులు. రోజుకు రెండు టీలు. ఒక్క మాట అనలేదు నాతో."

"నిజమేనా మేడం అది? కనుక్కుంటానని మాటిచ్చాను." అనేశాక గానీ ఎడిటర్ నాలుక కరుచుకోలేదు. పేరొక్కటే చెప్పలేదు, మిగతాదంతా చెప్పేసింది.

"స్కూలు కమిటీ ఒప్పుకుంటే నిజమే. ఇంకా ఒప్పుకోలేదు." పెద్దమేడం ఎర్ర కలం తీసింది. ఉత్తరం మొత్తం కొట్టేస్తుందనుకుంది ఎడిటర్. కొట్టేయలేదు. 'వేసవి సెలవుల్లో తెలియజేయాలి' అన్నచోట మాత్రం ఒక గీత గీసి, పైన మూడు మాటలు రాసింది. *ముందు ఆమెనే అడగాలి.*

తర్వాత గుమాస్తాతో అంది. "ఈ పిల్లకు ఒక కట్ట కొత్త కాయితాలు ఇవ్వండి. రెండు వైపులా తెల్లగా ఉన్నవి. సోమవారం పత్రిక రావాలి." లేచి, గ్లాసు చేత్తో పట్టుకుని, వెనక గుమ్మం వైపు నడిచింది.

*

సోమవారం మూడో గంట కొట్టింది. కారిడార్‌లో పిల్లలు మూగారు. ఎడిటర్, భూతద్దం మాత్రం బిల్డింగు వెనక నిలబడ్డారు.

పిన్ని గుడ్డతో వచ్చింది. అద్దం తుడవబోయి ఆగింది. ఈసారి అచ్చు లేదు. ఇటువైపు కూడా చేతిరాతే, పెద్ద పెద్ద అక్షరాల్లో. ఆమె పెదవులు కదుపుతూ చదివింది.

*క్యాంటీన్ ఎవరు నడపాలన్నది ఇంకా తేలలేదు. శనివారం కమిటీ ముందు మాట్లాడమని పిన్నిని పెద్దమేడం పిలిచారు. పన్నెండేళ్లలో పిన్ని సెలవు పెట్టింది నాలుగు రోజులని మా విలేకరి లెక్క.*

"ఐదు," అంది పిన్ని. "ఒకసారి పన్ను పీకించుకున్నా." మళ్లీ మొదటి నుంచి చదివింది. "దీని కింద ఎర్ర గీత పెట్టారే."

"ముఖ్యమైనది కదా పిన్నీ."

"ఇప్పుడు కుదిరింది. కిందే పెట్టాలి." ఆమె తడిగుడ్డతో తుడిచిన చోటును ఇంకాస్త వెడల్పు చేసింది. తర్వాత వెనక్కి తిరిగి ఇద్దర్నీ చూసింది.

"అంతా బాగుంది గానీ, శనివారం ఎన్నింటికో రాయలేదేం?"

భూతద్దం కళ్లద్దాలు తీసి నుదురు కొట్టుకుంది. ఎడిటర్ అప్పటికే ఆఫీసు వైపు పరుగెడుతోంది.