ఖాళీగా వదిలిన గీత

రజిత డేక్సా వంచి అన్నం వారుస్తుంటే బయట బెంచీ మీద మళ్లీ వాదన మొదలైంది. చెల్పూర్ రోడ్డు మీది ఆ మెస్ ఆమె మొగుడు పరశురాములుది. ఒకప్పుడు సమ్మెలు నడిపిన మనిషి. అతని ఎదుట కూర్చున్న పాత స్నేహితుడు సంజీవ ఇప్పటికీ కమ్యూనిస్టు పార్టీలోనే ఉన్నాడు. పెట్టుబడికి కాలాన్ని బట్టి మారడం తెలుసని, కూలీకి సెలవూ పింఛనూ ఇచ్చి మరీ బతుకుతుందని పరశురాములు అంటాడు. ఎర్రజెండాకు భయపడి ఇచ్చింది తప్ప ప్రేమతో కాదని, చైనాలో మార్కెట్టు పెట్టుకుని కమ్యూనిజమూ మారలేదా అని సంజీవ అంటాడు.

సమ్మె రోజుల్లో రజిత నలభై మందికి వండితే కామ్రేడ్ అన్నారు. ఇప్పుడు నూట ఇరవై మందికి వండుతుంటే ఓనరమ్మ అంటున్నారు. జీతం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాళ్లు వాచి కూలబడ్డ రోజు అత్త వెంకటనర్సమ్మ, ఇంటి పనికి సెలవేంది బిడ్డా అన్నది. జెండా పోయింది, మెస్ బోర్డు వచ్చింది, కట్టెల పొయ్యి గ్యాసయింది. అన్నిటికీ సర్దుకున్నది తను. ఆ ముచ్చట వీళ్ల వాదనలో ఒక్కనాడూ రాలేదు.

కొంగుముడిలో కాగితం ఉంది. మెస్‌లో గిన్నెలు తోమే లచ్చి, మరో ఎనిమిది మంది ఆడవాళ్లు వారానికొక రోజు సెలవు అడుగుతున్నారు. పొద్దున రజితే రాసిపెట్టింది. పేరు, పని, ఎప్పటినుంచి చేస్తున్నారు అని మనిషికో గీత కొట్టి రాయడం సమ్మె రోజుల్లో పరశురాములు నేర్పిందే. పై గీత ఒకటి ఎందుకో ఖాళీగా వదిలింది. మొగుడికి ఇస్తే ఇంట్లో పోరు. ఇవ్వకుంటే లచ్చి ముఖం ఎట్లా చూడాలి.

"వదినా, నువ్వు చెప్పు, పెట్టుబడా, కమ్యూనిజమా, ఏది ఎక్కువ మారింది?" అని సంజీవ కేకేశాడు.

"గామెకేం ఎరుక. చాయ్ తెమ్మను," అని పరశురాములు నవ్వాడు.

రజిత చాయ్‌తో పాటు కాగితం కూడా తెచ్చి బెంచీ మీద పెట్టింది. పరశురాములు చదివి, చేతిరాత గుర్తుపట్టాడు.

"ఓనరు పెండ్లానివై గిదేం పని?"

"నువ్వు నేర్పిందే."

అతను సంజీవ వైపు చూశాడు. సంజీవ చాయ్ గ్లాసు అందుకున్నాడు. రజిత మొగుడి జేబులోంచి పెన్ను తీసుకుని, ఖాళీ గీత మీద నింపాదిగా రాసింది.

రజిత. వంట. పెళ్లయిన మర్నాటి నుంచి.