ఆరింటికి మధ్యాహ్నం

“లైటు వెలిగిందమ్మాయ్, టీ పెట్టు.”

మూడేళ్ళుగా సాయంత్రం ఆరు గంటలకు మా అత్తగారు అనే మాట ఇది. హాల్లో గోడ పొడుగునా ఆరడుగుల గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, ఆ రాళ్ళను పట్టుకుని బతికే పగడాలు, వాటి సందుల్లో ఎనిమిది చేపలు. పైన గొలుసుకు వేలాడే పెద్ద మెటల్ హాలైడ్ దీపం. మా ఆయన ఆఫీసు నుంచి ఆరింటికి వస్తారు కాబట్టి అదీ ఆరింటికే వెలుగుతుంది. ఆయన బూట్లు విప్పి, మొహం కడుక్కునేసరికి తొట్టిలో ఎండ బాగా ఎక్కి ఉంటుంది. అప్పుడాయన సోఫాలో కాళ్ళు చాపుకుని సముద్రం చూస్తారు. ఆ సమయానికి నేను వంటగదిలో పాలు పొంగకుండా చూస్తుంటాను, వంటా గిన్నెలూ అయ్యేసరికి దీపం ఆరిపోతుంది. ఏదో ఒకటి చూస్తున్నాను కదా అని సరిపెట్టుకునేదాన్ని.

పొద్దున్న ఏడు నుంచి పన్నెండు దాకా నాకు ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ రక్తాలన్నీ పరీక్షించి ఇంటికొస్తే, ఇక్కడ తొట్టి నీళ్ళ పరీక్షలు. గాజుకు పట్టిన నాచు గీకాలి. ఆవిరైపోయినంత మంచినీళ్ళు పోయాలి, రోజూ ఓ అరబకెట్టు పడుతుంది. వడపోత గుడ్డలు పిండాలి. ఇదంతా మధ్యాహ్నం పన్నెండున్నరకి, చీకటి తొట్టిలో, పళ్ళ మధ్య టార్చిలైటు కరిచి పట్టుకుని! ఆ నీళ్ళలో ఏ పగడం ఎక్కడుందో కళ్ళకంటే నా వేళ్ళకే బాగా తెలుసు. తొట్టి ఆయనది, తొట్టిలో మురికి నాది. ఎవరైనా వస్తే, “మా ఆవిడ నీళ్ళు పోస్తుందంతే, మిగతాదంతా నేనే చూసుకుంటాను” అంటారు. పాపం, అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే చూసుకుంటారు, సోఫాలో కూర్చుని.

భోజనాలయ్యాక ఒంటిగంట నుంచి రెండు దాకా ఇంట్లో ఎవరికీ నాతో పనుండదు. అత్తగారు కునుకు తీస్తారు. రోజు మొత్తంలో నాకు మిగిలేది ఆ ఒక్క గంటే. ఎన్నోసార్లు కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాను. చీకటి గాజులో నా మొహం నాకే కనిపించేది, జుట్టు రేగిపోయి.

ఏడాది కిందట ఆయన ఎల్ఈడీల పిచ్చిలో పడ్డారు. వాళ్ళ అక్వేరియం క్లబ్బులో అందరూ అవే పెడుతున్నారట, ఈ పాత దీపం పీకి పారేస్తానన్నారు. నేను వద్దన్నాను. వంటగది గుమ్మంలోంచి నాకు కనబడేది హాలు పైకప్పులో ఓ మూల మాత్రమే. ఆ మూలన సాయంత్రాలు వెలుగు అలలు అలలుగా కదిలేది. అది ఒక్క దీపం నుంచి సూర్యుడిలా సూటిగా పడే హాలైడ్ వెలుగు చలవే. ఆయన కొన్న ఎల్ఈడీ పట్టీలు వెలుగును అంతటా సమానంగా పరిచేస్తాయి, ఆ అలలు రావు. “రెండూ ఉంచుదామండీ. ముందు రెండు గంటలు, చివర రెండు గంటలు నీలి ఎల్ఈడీ. మధ్యలో నాలుగు గంటలు హాలైడ్ కూడా. వేడీ తగ్గుతుంది, అందమూ పోదు” అన్నాను. “ఫ్యూజు పోతే నన్ను పిలిచేదానివి, నువ్వు నాకు లైట్లు నేర్పుతావుటోయ్!” అని పడీపడీ నవ్వారు. వారం తర్వాత ఫోనులో ఎవరికో చెబుతున్నారు, “రెండూ కలపడం నా ఐడియానేనండీ” అని. కొత్త వెలుగుకు పగడాలు తెల్లబడిపోకుండా ఎల్ఈడీని తక్కువలో మొదలుపెట్టి, వారానికి కొంచెం కొంచెంగా మూణ్ణెల్లపాటు పెంచింది మాత్రం నేనే.

పోయిన నెల ఓ ఆదివారం సాయంత్రం క్లబ్బు ప్రెసిడెంటు గారు చూడ్డానికి వచ్చారు. మా ఆయన మొహం మతాబులా వెలిగిపోతోంది. “చూడండి సార్, హాలైడ్ ఆర్పేస్తున్నాను, ఇప్పుడు ఒక్క ఎల్ఈడీయే.” ఆర్పారు. “ఇప్పుడు మళ్ళీ రెండూ!” నొక్కారు. వెలగలేదు. మళ్ళీ నొక్కారు. నాలుగోసారి నొక్కేసరికి చెమటలు పట్టాయి. “బల్బు పోయినట్టుంది సార్.”

టీ ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. “పోలేదండీ, వేడి మీదుంది. చల్లారేదాకా మళ్ళీ వెలగదు. పావుగంట ఆగండి, ఈలోగా టీ తాగండి.”

“మీకెలా తెలుసమ్మా?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“నేనే చెప్పానండీ” అన్నారు మా ఆయన.

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ట్రేలో టీ ఒలికేలా ఉందని కింద పెట్టేశాను. సరిగ్గా పావుగంటకి దీపం వెలిగింది. ప్రెసిడెంటు గారు కప్పు దించి అడిగారు.

“అన్నీ బావున్నాయి కానీ, సాయంత్రం ఆరింటికి మధ్యాహ్నమేమిటండీ? వాటికి ఇబ్బంది కాదూ?”

“వాటికేం తెలుస్తుంది సార్! మనమెప్పుడు వెలిగిస్తే వాటికప్పుడే మధ్యాహ్నం. చూసేవాళ్ళు ఇంట్లో ఎప్పుడుంటే అప్పుడు.”

ఈసారి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. చూసేవాళ్ళు ఇంట్లో ఎప్పుడుంటే అప్పుడట! పన్నెండు నుంచి ఈ ఇంట్లో ఉంటున్న నేనేమిటి మరి, నాచు గీకే బ్రష్షునా? ఆ రాత్రంతా ఆ మాట చెవిలో దోమలా తిరిగింది. తెల్లారేసరికి మాత్రం వేరేగా వినిపించింది. మనమెప్పుడు వెలిగిస్తే అప్పుడే మధ్యాహ్నం. సరే, మరి వెలిగించే టైమరు ఎక్కడుంది? తొట్టి కింద అరలో, వడపోత గుడ్డల పక్కన. అక్కడ చెయ్యి పెట్టేది ఇంట్లో నేనొక్కదాన్నే.

ఒక్కసారిగా మారిస్తే జీవాలు బెదురుతాయి. మనుషులూ అంతే. అందుకని రోజుకో అరగంట చొప్పున ముందుకు జరిపాను. మొదటిరోజు అయిదున్నరకి “లైటు వెలిగింది, టీ పెట్టు” అన్నారు అత్తగారు. మర్నాడు అయిదింటికి. ఆ మర్నాడు నాలుగున్నరకి. ఏడోరోజు ఆదివారం, ఆయన క్లబ్బు పనిమీద ఊరెళ్ళారు. రెండున్నరకి టీ తాగుతూ అత్తగారు, “ఏమిటో, ఈ మధ్య కంచం తీయగానే టీ మీదకి పోతోంది మనసు” అన్నారు. ఎనిమిదోరోజు మా ఆయన గడపలో కాలు పెట్టారు, హాలైడ్ టప్పున ఆరింది. వాచీ చూసుకున్నారు, గోడ గడియారం చూశారు. “ఇవాళ నేను లేటుగా వచ్చానా?” అని నన్నే అడిగారు. “అబ్బే, టైముకే వచ్చారు” అన్నాను. అబద్ధం కాదు కదా.

పదోరోజు ఒంటిగంటకి దీపం వెలిగింది. నేను కుర్చీలో ఉన్నాను. మొదట మసక, తర్వాత లేతగా, నాలుగైదు నిమిషాల్లో నడినెత్తి ఎండ. వేళ్ళతో తడిమి తెలుసుకున్నవన్నీ రంగులతో విచ్చుకున్నాయి. బొడిపెలనుకున్నవాటికి ఊదారంగు కొసలున్నాయి. గోడ మీదా, కప్పు మీదా, నా చీర మీదా వెలుగు అలలు. ఆనందానికి ఏడుస్తారంటే నమ్మేదాన్ని కాదు. ధారగా కన్నీళ్ళు కారుతుంటే మూడేళ్ళ నా చాకిరీని కళ్ళారా చూసుకున్నాను.

పక్కన కుర్చీ ఈడ్చిన చప్పుడు. అత్తగారు రెండు కప్పులతో వచ్చి కూర్చున్నారు. టీ ఆవిడే పెట్టారు.

“మీకు తెలుసా అత్తయ్యా?”

“రెండోరోజే తెలుసు. ముసలిదాన్నయ్యాను కానీ గడియారం చూడ్డం మర్చిపోలేదు” అన్నారు. “మీ మావగారు రేడియో కొన్నారు చూడు, ఆయన ఇంట్లో లేనప్పుడు దానిమీద గుడ్డ కప్పి ఉండేది. దుమ్ము పడుతుందిట. వారం వారం ఆ గుడ్డ ఉతికినదాన్ని నేనే. పాటలు విన్నది ఆయన” అన్నారు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాం.

సాయంత్రం ఆరింటికి ఆయన వచ్చారు. తొట్టిలో నీలిరంగు సందె చీకటి. నిలబడిపోయారు.

“మధ్యాహ్నం ఏమైంది?”

“అయిపోయిందిరా” అన్నారు అత్తగారు. “మేం చూసేశాం.”

ఆయన నావైపు తిరిగారు. “మరి నేనెప్పుడు చూడాలి?”

మూడేళ్ళలో ఒక్కసారి కూడా నా నాలుక చివరిదాకా రాని ప్రశ్న అది. ఆయనకు మొదటిరోజే వచ్చేసింది. పాపం అనిపించింది, నిజంగానే. కుర్చీ చూపించాను.

“ఆదివారం ఇంట్లోనే ఉంటారుగా. ఒంటిగంటకి లైటు వెలుగుతుంది” అన్నాను. “వెలగ్గానే టీ పెట్టండి.”