మరిగించిన నమూనా

నీటి బోర్డు మేనేజరు కంబేవా గారి గదిలో గోడకు మూడు ప్రశంసాపత్రాలు వేలాడుతున్నాయి. మూడేళ్లుగా ఊళ్లోని పన్నెండు వీధి కుళాయిల నీళ్లలో ఒక్క సూక్ష్మజీవి కూడా కనపడలేదట. మలావీ సరస్సు ఒడ్డున ఇంత శుభ్రమైన ఊరు ఇంకోటి లేదని రాజధాని వాళ్లే రాసిచ్చారు. అదే మూడేళ్లుగా ఆస్పత్రిలో విరేచనాల వార్డు ఒక్కరోజూ ఖాళీ కాలేదు. దానికి కారణం మామిడికాయలని కంబేవా గారు తేల్చేశారు, మామిడికాయలు దొరకని నెలల్లో కూడా.

ల్యాబులో కొత్తగా చేరిన తివొంగెకు ఈ లెక్క మింగుడుపడలేదు. నీళ్లు వడగట్టిన కాగితాన్ని పళ్లెంలో పెట్టి ఒక రోజు వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే పసుపు చుక్కలు లేవాలి. ఆమె పళ్లేల్లో చుక్క అన్నది లేదు. పోనీ క్లోరిన్ గట్టిగా వేశారా అంటే సీసాల్లో దాని జాడా లేదు. బోర్డు బండికి డీజిల్ ఉండదు కాబట్టి కుళాయిలు చూసుకునే ఆడవాళ్లే సీసాలు నింపి సైకిల్ టాక్సీ మీద పంపిస్తారు. ఒక ఉదయం తివొంగె అదే సైకిలెక్కి ఏడో కుళాయికి వెళ్లింది.

అక్కడ కాపలా ముసలమ్మ అనాచిసాలె బొగ్గుల కుంపటి మీద చిన్న గిన్నె పెట్టి కూర్చుంది. పక్కన మూత తీసిన ల్యాబు సీసా ఉంది.

"టీ కాస్తున్నావా పెద్దమ్మా?"

"టీ కాదే, మీ ఆఫీసు నీళ్లు. పచ్చినీళ్లు పంపిస్తే మా కుళాయి పరువేం కావాలి?"

పన్నెండు కుళాయిల దగ్గరా ఇదే పద్ధతని అప్పుడు బయటపడింది. పరువొక్కటే కాదు. అంతకుముందు ఒకసారి చుక్కలు లేస్తే, బోర్డు పగిలిన పైపు జోలికి పోకుండా కుళాయికి తాళం వేసి చేతులు దులుపుకుంది. నాలుగు నెలలు ఆడవాళ్లు మొసళ్లున్న ఏటికి బకెట్లు మోశారు. నీళ్లు కాచి పంపడం అప్పుడు నేర్చుకున్నారు.

మరి పిల్లలకూ కాచి ఇస్తున్నారా అని తివొంగె అడిగింది. అనాచిసాలె మనవరాలు ఆ వారం వార్డులోనే ఉంది.

"సీసాడు నీళ్లకి సరిపడా బొగ్గుంది తల్లీ. బకెట్టెడు నీళ్లకి లేదు."

తివొంగె పచ్చినీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేసింది. మర్నాడు పళ్లెం నిండా లెక్కకందనన్ని చుక్కలు. పైపు మార్చాలని, లేకపోతే పిల్లలు దక్కరని ఆమె కంబేవా గారి ముందు మొత్తుకుంది. ఆయన పళ్లెం వైపు చూడనైనా లేదు. ఆ ఆడవాళ్లకున్న బాధ్యత చదువుకున్న దానివి నీకు లేదని తిట్టి, ఉత్తర్వు రాయించాడు. ఇకమీదట నమూనా నీళ్లు తప్పనిసరిగా మరిగించే పంపాలి, అందుకు కుళాయికి రెండు బస్తాల బొగ్గు మంజూరు. రాజధాని పెద్దలు నాలుగో పత్రం పట్టుకుని ఆ నెలాఖరుకే వస్తున్నారు మరి.

ఉత్తర్వును తివొంగె స్వయంగా పన్నెండు కుళాయిలకూ తీసుకెళ్లింది. అక్కడ ఆమె చెప్పిన మాటలు మాత్రం ఉత్తర్వులో లేనివి.

పెద్దలు వచ్చిన రోజు కుళాయిల ఆడవాళ్లను కూడా ల్యాబుకు పిలిపించి, అందరి కళ్ల ముందే పళ్లేలు తెరిచారు. పన్నెండూ పచ్చగా పసుపు పూసినట్టున్నాయి. కంబేవా గారికి ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్లలో ముందు నిలబడ్డ అనాచిసాలె మీద విరుచుకుపడ్డాడు.

"బొగ్గిచ్చాం కదా, నమూనా నీళ్లు ఎందుకు కాచలేదు?"

ప్రశంసాపత్రం పట్టుకున్న పెద్దాయన చేయి ఆగిపోయింది. పరీక్షకిచ్చే నీళ్లు కాచడమేమిటని ఆయన అడిగాడు. అనాచిసాలె మాత్రం కంబేవా గారి వైపే తిరిగి జవాబిచ్చింది.

"కాచాం సార్. పిల్లలు తాగేవి కాచాం, బొగ్గు అక్కడికే సరిపోయింది. మీ సీసాల్లో పోసినవి మీరిచ్చే నీళ్లే. ఇప్పుడు తాళం వేస్తారో పైపు వేస్తారో ఈ పెద్దల ముందే చెప్పండి."