నల్లమచ్చ కాలలేదు

మస్తానయ్య యేసుబాబు చొక్కా పట్టుకొని పశువుల ఆసుపత్రి గోడకు అదిమాడు. "నా గుర్రం మీద యాసిడ్ ఎందుకు పోసినావురా?"

యేసుబాబు గుర్రం వైపు చూశాడు. నలుపు తెలుపు మచ్చలది, ఉదయగిరి సాయిబులు మురిపెంగా అబ్లక్ అనే రకం. పక్కింటి మస్తానయ్య జ్వరంతో ఆత్మకూరులో పడి ఉన్నన్నాళ్లూ దాన్ని మేపింది తనే. ఇప్పుడు దాని ఒళ్లంతా బొబ్బలు.

"బిడ్డలాగా చూసినానన్నా."

"ఆ ముక్క పోలీసులకు చెప్పుకో."

గుర్రాన్ని తడుముతున్న డాక్టర్ సుజన తలెత్తలేదు. "చొక్కా వదులు మస్తానయ్యా. బొబ్బలన్నీ తెల్లమచ్చల మీదే ఉన్నాయి, నల్లమచ్చలు శుభ్రంగా ఉన్నాయి. యాసిడ్ రంగు చూసి కాలుస్తుందా? చెడ్డ ఆకు తింటే లివర్ దెబ్బతిని, తెల్లమచ్చ కింది లేత తోలును ఎండే కాల్చేస్తుంది. నీడలో కట్టి మందు వేస్తే కోలుకుంటుంది. ఏం మేసిందయ్యా ఇది?"

"గడ్డి ఎండిపోతే కొండ కింద పొదల్లో విడిచినాను మేడం. పసుపూ ఎరుపూ కలిసిన గుత్తిపూలు ఉండాయి."

మస్తానయ్య చొక్కా వదిలి, నలిగిన కాలరు మెల్లగా సర్దాడు.

"నువ్వు కాదురా," అన్నాడు. "ఆ గుత్తిపూల తలంబ్రాల కంప."